ముహూర్తం కన్నా ముందు వాతావరణ హెచ్చరిక చూడండి

సంపాదకులకు నమస్కారం.

వచ్చే గురువారం రాత్రి నుంచి శనివారం వరకు ఉత్తర టెక్సాస్, ఓక్లహామా, ఆర్కన్సా ప్రాంతాల మీదుగా మంచు తుపాను సాగే అవకాశం ఉందని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ముందస్తు సూచన ఇచ్చింది. ఈ ఉత్తరం రాస్తున్న వేళకు డాలస్‌లో మాత్రం ఎండ హాయిగా కాస్తోంది. పిల్లలు పొట్టి చేతుల చొక్కాలతో వీధిలో సైకిళ్లు తొక్కుతున్నారు. ఉత్తరం నుంచి చలిగాలి దిగిందంటే ఉష్ణోగ్రత కొన్ని గంటల్లోనే ఫారెన్‌హీట్ లెక్కలో ముప్ఫై, నలభై డిగ్రీలు పడిపోవడం ఈ రాష్ట్రంలో కొత్త కాదు. ఇక్కడివాళ్లు ఆ గాలిని ‘బ్లూ నార్దర్’ అంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు, ఎండను చూసుకుని శనివారం ప్రయాణాలు ఖాయం చేసుకుంటారు.

అమెరికాలో రోడ్డు ప్రమాదంలో తెలుగువాళ్లు చనిపోతే మన పత్రికలు ఆ వార్తను మొదటి పేజీలో వేస్తాయి, సొంత జిల్లా పేజీలో తల్లిదండ్రుల ఫొటో కూడా వస్తుంది. అలాంటి ప్రమాదాలకు ఒకటి రెండు రోజుల ముందే వచ్చే హెచ్చరికకు మాత్రం ఆ పేజీల్లో అంగుళం చోటు దొరకదు. నా ఫిర్యాదు ఇదే, విన్నపమూ ఇదే. ఇక్కడి పిల్లలు స్థానిక టీవీ చానళ్లు చూడరు, ఫోన్‌కు వచ్చే వాతావరణ సందేశాన్ని చదవకుండానే పక్కకు తోసేస్తారు. అమ్మానాన్నలు ఫోన్ చేసి ‘మీ దగ్గర ఐసు పడుతుందట, ఎక్కడికీ బయల్దేరకండి’ అంటే మాత్రం వింటారు. ఆ అమ్మానాన్నలు చదివేది మీ పత్రికే.

ఈ తుపానులో భయపడవలసింది తెల్లగా కురిసే మంచుకు కాదు. దూది పింజల్లా రాలే మంచు కంటికి కనిపిస్తుంది, టైరు కింద ఎంతో కొంత పట్టు ఇస్తుంది, దాన్ని చూసి బండి నడిపేవాడు తనంతట తానే వేగం తగ్గిస్తాడు. టెక్సాస్‌కు ఎక్కువగా వచ్చేది గడ్డకట్టే వాన. ఉత్తరం నుంచి వచ్చే బరువైన చలిగాలి నేలను అంటిపెట్టుకుని పలుచని పొరలా పరుచుకుంటే, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమతో నిండిన వెచ్చని గాలి దాని మీదుగా ఎక్కి వెళ్తుంది. పైన మంచుగా పుట్టినది ఆ వెచ్చని పొరలో కరిగి నీటి బొట్టవుతుంది. కింది చలి పొర పలుచగా ఉన్నందువల్ల మళ్లీ గడ్డకట్టే వ్యవధి లేక నీరుగానే నేలకు చేరి, తగిలిన చోటల్లా క్షణంలో గడ్డకడుతుంది. కింది పొర కాస్త మందంగా ఉంటే దారిలోనే గడ్డకట్టి చిన్న చిన్న గింజలుగా రాలుతుంది. అది కారు పైకప్పు మీద టపటపమని చప్పుడు చేస్తుంది కనుక కనీసం చెవికైనా తెలుస్తుంది. గడ్డకట్టే వాన చప్పుడు మామూలు వాన చప్పుడే. రోడ్డు తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. ముందు వెళ్లే బండి టైర్ల వెనుక నీటి తుంపర లేవడం ఒక్కసారిగా ఆగిపోయిందంటే ఆ తడి నీరు కాదని, గడ్డకట్టిన పొర అని గ్రహించాలి. ఇక్కడ ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లు అద్దంలోంచి గమనించే మొదటి గుర్తు అదే.

ఆ పొర ముందుగా ఏర్పడేది వంతెనల మీద, ఫ్లైఓవర్ల మీద. మామూలు రోడ్డుకు కింద నేల ఉంటుంది, పగలు దాచుకున్న వేడిని రాత్రంతా కొంచెం కొంచెంగా ఇస్తూ ఉంటుంది. వంతెనకు పైనా గాలే, కిందా గాలే. సాసరులో పోసిన టీ గ్లాసులో టీ కంటే ముందు చల్లారినట్టు అది ఇట్టే చల్లబడుతుంది. డాలస్‌లో 75వ నంబరు రహదారి, 635వ నంబరు రహదారి కలిసే చోట ‘హై ఫైవ్’ అనే అయిదంతస్తుల కూడలి ఉంది. దాని పై వరస రోడ్లు దాదాపు పన్నెండంతస్తుల భవనమంత ఎత్తున గాలిలో ఉంటాయి. ప్లేనో, రిచర్డ్‌సన్ వైపు నుంచి రోజూ వెళ్లే మనవాళ్లకు ఆ మలుపు అరచేతి గీతలా అలవాటైపోయింది. ఐసు పడిన రోజున ఆ అలవాటు అక్కరకు రాదు. కింద రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేకుండా పది మైళ్లు వచ్చినవాడు, వంపు తిరుగుతూ పైకి ఎక్కే ఆ రోడ్డు మీద బ్రేకు నొక్కితే కారు చక్రాలు చెప్పిన మాట వినవు.

రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా అనే ధీమా ఒకటుంది. ఉత్తరాది రాష్ట్రాలలో ఆ ధీమాకు కొంత ఆధారం ఉంది, ఎందుకంటే అక్కడ వందల కొద్దీ మంచు తోసే బండ్లు, శీతాకాలమంతా అదే పని చేసే సిబ్బంది ఉంటారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఐసు చూసే దక్షిణాది నగరాలకు అంత సరంజామా ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. ఇక్కడ తుపానుకు ముందు రోజు రోడ్ల మీద ఉప్పునీరు పిచికారీ చేస్తారు, రోడ్డు మీద తెల్లని చారలు కనిపించేది దాని వల్లే. తుపాను నేరుగా మంచుతో మొదలైతే ఆ చారలు బాగా పనికివస్తాయి. మొదట కొన్ని గంటలు వాన కురిసి ఆ తర్వాత చలి దిగితే మాత్రం ఉప్పంతా కొట్టుకుపోయి రోడ్డు మళ్లీ మొదటికి వస్తుంది. 2022 జనవరి 3న వర్జీనియాలో జరిగింది ఇదే. వానతో మొదలవుతుంది కాబట్టి ముందుగా ఉప్పునీరు చల్లినా నిలవదని అధికారులు ఆగారు. తర్వాత మంచు ముంచుకొచ్చి 95వ నంబరు రహదారి మీద ఫ్రెడరిక్స్‌బర్గ్ పరిసరాలలో వాహనాలు మైళ్ల కొద్దీ నిలిచిపోయాయి, చాలామంది ఇరవై నాలుగు గంటలకు పైగా కార్లలోనే గడిపారు. ఆ రాష్ట్ర సెనేటర్ టిమ్ కెయిన్‌కు కూడా వాషింగ్టన్ చేరేసరికి 27 గంటలు పట్టింది. పైగా ఉష్ణోగ్రత 15 ఫారెన్‌హీట్ డిగ్రీల కంటే, అంటే మన లెక్కలో సున్నాకు తొమ్మిది డిగ్రీల కిందికి దిగితే మామూలు రాతి ఉప్పు ప్రభావం బాగా తగ్గిపోతుంది.

టెక్సాస్‌కు సొంత పాఠం 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో దొరికింది. 35డబ్ల్యూ రహదారి టోల్ లేన్లలో, ఎత్తుగా ఉన్న భాగం మీద కంటికి కనిపించని ఐసు పొర పట్టింది. మొదటి బండి జారి ఆగాక, వెనుక నుంచి వచ్చిన ప్రతి బండీ బ్రేకు నొక్కడం, జారడం, గుద్దుకోవడం. 130కి పైగా వాహనాలు ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి, వాటిలో భారీ లారీలు కూడా ఉన్నాయి, ఆరుగురు చనిపోయారు. ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీద ఉన్నది విహారయాత్రకు వెళ్లేవాళ్లు కాదు; ఆసుపత్రుల్లో ఉదయం డ్యూటీకి వెళ్లే సిబ్బంది, పనులకు వెళ్లే కార్మికులు. ఇరుపక్కలా గోడలు ఉన్న టోల్ లేనులోకి ఒకసారి దిగితే తప్పించుకునే పక్కదారి ఉండదన్న సంగతి కూడా ఆ రోజు తేటతెల్లమైంది. ఐసు సూచన ఉన్న రోజున డబ్బు కట్టి మరీ ఆ లేన్లలోకి వెళ్లడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

వేగం గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. గంటకు 40 మైళ్ల వేగంతో వెళ్తున్న కారు పొడి రోడ్డు మీద బ్రేకు నొక్కాక సుమారు 25 మీటర్లలో ఆగుతుంది. ఐసు మీద టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే రాపిడి ఏడో వంతుకు పడిపోతుంది కాబట్టి అదే కారు ఆగడానికి 150 మీటర్లు దాటుతుంది. ఫుట్‌బాల్ మైదానం పొడవు కంటే ఎక్కువ. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే పెద్ద బండి కొనుక్కున్నవాళ్లకు తమకు ఈ లెక్క వర్తించదనే నమ్మకం ఉంటుంది. ఆ శక్తి బండి కదలడానికి సాయపడుతుందే గాని ఆగడానికి ఏమాత్రం సాయపడదు. పైపెచ్చు బండి సులువుగా కదులుతున్నందువల్ల రోడ్డు బాగానే ఉందన్న భ్రమ కలిగిస్తుంది. తుపాను మర్నాడు కాలవల్లో పడి ఉన్న వాహనాలలో ఇలాంటివి తక్కువేమీ ఉండవు.

వాతావరణ సంస్థ ఇచ్చే సూచనలలో మూడు మెట్లున్నాయి, వాటిని మీ పత్రిక పాఠకులకు ఒక్కసారి వివరంగా చెప్పాలి. ‘వాచ్’ అంటే తీవ్రమైన తుపాను వచ్చే అవకాశం ఉంది, సిద్ధం కండి అని. సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందు ఇస్తారు. ‘వార్నింగ్’ అంటే తుపాను వచ్చేసింది, లేదా దాదాపు ఖాయంగా వస్తోంది అని. ఈ రెండింటి కంటే తక్కువ తీవ్రతకు ఇచ్చేది ‘అడ్వైజరీ’. ఐసు పొర మందం పావు అంగుళం చేరుతుందంటే చాలా ప్రాంతాలలో ‘ఐస్ స్టార్మ్ వార్నింగ్’ ఇస్తారు. అయితే అడ్వైజరీ అన్నారు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. కారు జారడానికి పావు అంగుళం అక్కరలేదు, కాగితమంత పొర చాలు.

ప్రయాణం మానాలా వద్దా అన్న నిర్ణయం వాచ్ వచ్చిన నాడే తీసుకోవాలి. వార్నింగ్ దాకా ఆగితే ఆ నిర్ణయానికి విలువ పోతుంది, ఎందుకంటే అప్పటికి ఊరంతా అదే నిర్ణయానికి వస్తుంది. 2014 జనవరి 28న అట్లాంటాలో పడిన మంచు రెండున్నర అంగుళాలే, ఉత్తరాది ఊళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ మంచు మొదలయ్యాక మధ్యాహ్నం బడులు, ఆఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు దాదాపు ఒకే సమయంలో వదిలేశారు. లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కడంతో ఉప్పు చల్లే బండ్లకు దారి లేకపోయింది, నిలిచిన బండ్ల కింద మంచు నలిగి గడ్డకట్టింది. జనం ఆ రాత్రి రహదారుల మీదే గడిపారు, వేలమంది పిల్లలు బడుల్లో పడుకున్నారు. అక్కడ దెబ్బతీసింది మంచు కంటే ఎక్కువగా ఆలస్యమే.

ఇప్పుడు మనవాళ్లకే ప్రత్యేకమైన ఒక సంగతి చెప్పాలి, ఈ ఉత్తరం రాయడానికి ప్రధాన కారణం కూడా అదే. పుష్యమాసం శూన్యమాసమని శుభకార్యాలు ఆపి, మాఘమాసం రాగానే మొదలుపెడతాం. గృహప్రవేశాలు, నిశ్చితార్థాలు, అన్నప్రాశనలు, అక్షరాభ్యాసాలు జనవరి చివర నుంచి ఫిబ్రవరి అంతా వరసగా ఉంటాయి. టెక్సాస్‌కు ఐసు తుపానులు వచ్చే కాలమూ సరిగ్గా అదే. గృహప్రవేశ ముహూర్తాలు చాలావరకు తెల్లవారుజామునో పొద్దున్నేనో పడతాయి. రాత్రంతా చల్లబడిన రోడ్డు మీద ఐసు అత్యంత గట్టిగా ఉండే సమయం కూడా అదే. నాలుగు గంటలకు లేచి, పట్టుబట్టలు కట్టుకుని, కోటు వేసుకుంటే చీర నలుగుతుందని కోటు కారు వెనుక పడేసి, పాలు పొంగించే వేళకు అందుకోవాలని యాభై మైళ్లు నడుపుకుంటూ వచ్చే కుటుంబాలు ప్రతి శీతాకాలంలోనూ కనిపిస్తాయి. ఆ దారిలో కారు ఆగిపోతే వాళ్ల ఒంటి మీద ఉన్నది జరీ అంచు తప్ప చలిని ఆపే గుడ్డ కాదు.

ఇలాంటి వేళ అతిథి రానని చెప్పడు. చెప్పలేడు. ‘అందరూ వస్తుంటే మనమొక్కరం మానేస్తే ఏమనుకుంటారో’ అనే మొహమాటం మనది. పిలిచినవాళ్లేమో ‘వీలైతేనే రండి, జాగ్రత్తగా రండి’ అని వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టి తమ బాధ్యత తీరిందనుకుంటారు. నా దృష్టిలో ఆ సందేశం హెచ్చరిక కాదు, మరోసారి పిలుపు. ఇంటివాళ్లు బుధవారం నాటికే ‘మేమూ పురోహితులు మాత్రమే ముహూర్తానికి పాలు పొంగిస్తాం, భోజనాలు మరో వారం పెట్టుకుందాం, ఎవరూ బయల్దేరవద్దు’ అని తేల్చి చెబితే నలభై కార్లు ఇళ్లలో ఉంటాయి. ముహూర్తం తప్పదు, అతిథులు రోడ్డు మీద పడరు. హాలు వాళ్లకు కట్టిన అడ్వాన్సు, వంటవాళ్లకు ఇచ్చిన ఆర్డరు పోతాయన్నది నిజమైన ఇబ్బందే, కాదనను. వాచ్ వచ్చిన రోజునే మాట్లాడితే వాళ్లలో చాలామంది తేదీ మారుస్తారు, ఎందుకంటే ఐసు రోజున రావడం వాళ్లకూ కష్టమే. పురోహితుల సంగతి మరీ ముఖ్యం. ఒకే ఉదయం రెండు మూడు ఊళ్లలో కార్యక్రమాలు ఒప్పుకుని చీకటిలో ఒంటరిగా కారు నడుపుకుంటూ తిరిగేది ఆయనే. మంత్రాలు వీడియో కాల్‌లో చెప్పించుకోవడం ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు, ఆ ఒక్క రోజుకు అది చాలు.

ఆఫీసుల విషయం క్లుప్తంగా ముగిస్తాను. ఇంటి నుంచి చేయగలిగే పనికి ఐసు రోజున ఆఫీసుకు రమ్మనే మేనేజరు తక్కువే; రమ్మనకపోయినా, కాంట్రాక్టు ఎక్కడ పోతుందోనని అడగకుండానే వెళ్లే మనవాళ్లు ఎక్కువ. ముందు రోజు సాయంత్రమే ల్యాప్‌టాప్, చార్జరు ఇంటికి తెచ్చుకుని ఒక మెయిల్ పెడితే సరిపోతుంది.

విద్యార్థుల గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. వీళ్లలో ఎక్కువమంది పాత కారు కొంటారు, టైర్లు ఎంత అరిగాయో చూడరు. ఒక క్వార్టర్ (పావు డాలరు) నాణేన్ని, దాని మీదున్న వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా టైరు గాడిలో పెట్టాలి. తల పైభాగం పూర్తిగా కనిపిస్తే ఆ టైరు చట్టప్రకారం చెల్లినా తడి రోడ్డుకే నమ్మదగినది కాదు, ఐసు మాట ఎత్తనే వద్దు. అద్దం తుడిచే ద్రవం కూడా చూసుకోవాలి. వేసవిలో పోయించిన నీలిరంగు ద్రవం చలికి గొట్టంలోనే గడ్డకట్టి, ఎదుటి లారీ చిమ్మిన బురద అద్దం నిండా పడినప్పుడు చుక్క కూడా రాదు. అద్దం మీద పట్టిన ఐసు కరగాలని వేడినీళ్లు పోసేవాళ్లున్నారు, అద్దం పగులుతుంది. పది డాలర్లు పెట్టి గీకే పుల్ల కొనుక్కుని, పదిహేను నిమిషాలు ముందు లేస్తే సరిపోయే పని అది. ఇక బీమా. చౌకగా వస్తుందని కేవలం ఎదుటివారి నష్టం చెల్లించే పాలసీ మాత్రమే తీసుకున్నవాళ్ల కారు ఐసు మీద జారి స్తంభాన్ని గుద్దితే సొంత బండి మరమ్మతుకు పైసా రాదు. అది ‘కొలిజన్’ బీమా ఉంటేనే వస్తుంది. ఐసు బరువుకు చెట్టుకొమ్మ విరిగి ఆగి ఉన్న కారు మీద పడితే ‘కాంప్రహెన్సివ్’ బీమా ఉండాలి. తుపాను వస్తోందని తెలిశాక ఆ రక్షణ చేర్చడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఇది శీతాకాలం మొదట్లోనే చూసుకోవలసిన పని.

జనవరిలో స్ప్రింగ్ సెమిస్టరుకు హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలకు విమానం రద్దవడమంటే ఒక్క రోజు ఆలస్యం కాదు, వీసా కాగితాల కంగారు కూడా. కోర్సు మొదలయ్యే తేదీ దాటేలా ఉంటే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెంటనే మెయిల్ పంపి, ఆలస్యంగా రావడానికి వాళ్ల సమ్మతి తీసుకోవాలి. విమానం రద్దయినట్టు వచ్చిన సందేశాన్ని దాచుకోవాలి. తుపాను సూచన రాగానే పెద్ద విమానయాన సంస్థలు అదనపు రుసుము లేకుండా తేదీ మార్చుకునే వెసులుబాటు ప్రకటిస్తాయి. ఆ ప్రకటన వచ్చిన మొదటి కొన్ని గంటల్లో మంచి సీట్లు దొరుకుతాయి, విమానాశ్రయంలో వరసలో నిలబడ్డాక దొరకవు. సంస్థ తానే విమానాన్ని రద్దు చేసి, ప్రయాణికుడు ప్రత్యామ్నాయ విమానం వద్దనుకుంటే, కారణం వాతావరణమైనా సరే, వాపసు లేని టికెట్ అయినా సరే, అమెరికా నిబంధనల ప్రకారం డబ్బు తిరిగి ఇవ్వాలి. క్రెడిట్ ఇస్తామంటే సరేననకుండా ఆ మాట గుర్తుంచుకోవాలి. హోటలు, భోజనం ఖర్చు మాత్రం వాతావరణం వల్ల రద్దయినప్పుడు సంస్థ భరించవలసిన అవసరం లేదు. డబ్బు కలిసివస్తుందని హైదరాబాద్ నుంచి ఒక టికెట్, అమెరికాలో దిగాక మరో సంస్థలో వేరే టికెట్ కొనే అలవాటు మనవాళ్లకు ఉంది. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం ప్రయాణికుడిదే. ఇంకొక మాట: రాత్రి విమానంలో దిగే స్నేహితుణ్ణి తీసుకురావడానికి ఐసు మీద అరవై మైళ్లు వెళ్లకండి. విమానాశ్రయంలో వెచ్చగా, వెలుతురుగా ఉంటుంది, ఒక రాత్రి అక్కడ కూర్చున్నవాడికి నడుంనొప్పి తప్ప మరే ప్రమాదమూ ఉండదు.

వెళ్లక తప్పని వాళ్లు కూడా ఉంటారు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, డయాలిసిస్‌కు వెళ్లే పెద్దలు, నెలలు నిండిన గర్భిణులు. వాళ్లు పెట్రోలు ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకూడదు. కారులో దుప్పట్లు, మంచినీళ్లు, తినడానికి ఏదైనా, ఫోను చార్జరు, జారే చక్రాల కింద పోయడానికి ఒక సంచీ ఇసుక ఉండాలి. ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లు మరో లెక్క వేసుకోవాలి: 20 ఫారెన్‌హీట్ డిగ్రీల చలిలో హీటరు వేసి నడిపితే బండి వెళ్లగల దూరం దాదాపు 40 శాతం తగ్గుతుందని అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో పరీక్షించి చెప్పింది. చార్జరుకు తగిలించి ఉండగానే లోపల వేడి చేసుకుంటే బ్యాటరీ కొంత మిగులుతుంది. రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్, అంటే వేగాన్ని బండే ఒకేలా నిలిపే సదుపాయం, వాడకూడదు. ముందు బండికి మామూలుగా వదిలే దానికి రెండు మూడింతల దూరం వదలాలి. కారు జారితే బ్రేకు మీద నిలబడకుండా కాలు తీసి, వెళ్లదలచుకున్న వైపుకు స్టీరింగు మెల్లగా తిప్పాలి. చిన్నగా తగిలితే దెబ్బ ఎంత పడిందో చూద్దామని రహదారి మీదికి దిగి ఫొటోలు తీయడం మనవాళ్లలో చూస్తుంటాను. వెనుక నుంచి వచ్చే బండి కూడా జారుతుంది. రోడ్డుకు బాగా అవతలికి, గోడ వెనక్కి వెళ్లగలిగే చోటైతే తప్ప, బెల్టు తీయకుండా కారులోనే ఉండి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. మంచులో చిక్కుకుని గంటలు గడపవలసి వస్తే ఇంజిన్ గంటకు పది నిమిషాలు మాత్రమే వేసుకోవాలి. అంతకు ముందు పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచు తప్పక తీసేయాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

ఆ వాయువు ఇళ్లలోనూ ప్రాణాలు తీసింది. 2021 ఫిబ్రవరి తుపానులో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలో 246 మంది చనిపోయారు. గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని కూర్చున్నవాళ్లు, బొగ్గుల కుంపటి ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. నీటి గొట్టాలు గడ్డకట్టి పగలకుండా కుళాయిలు సన్నగా కారేలా వదలడం, సింకు కింది తలుపులు తెరిచి ఉంచడం, నీటి మెయిన్ వాల్వు ఎక్కడుందో పగలే చూసుకోవడం ఇల్లున్న ప్రతివారూ చేయాలి. పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న అమ్మానాన్నల బీపీ, షుగరు మందులు వారానికి సరిపడా ఉన్నాయో లేదో బుధవారమే చూడాలి. పొద్దున్నే నడక అలవాటున్న నాన్నగారికి ఆ రెండు రోజులూ గుమ్మం దాటవద్దని ఇంట్లోవాళ్లు గట్టిగానే చెప్పాలి. ఆయన వినకపోతే బూట్లు దాచినా తప్పు లేదు.

తుపాను వెళ్లిపోయిన మర్నాడు ఎండ వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుని బయటికి వస్తారు. మధ్యాహ్నం కరిగిన నీరు సాయంత్రం ఆరు తర్వాత మళ్లీ గడ్డకడుతుంది. ఆదివారం రాత్రి గుడి నుంచో, స్నేహితుల ఇంటి నుంచో తిరిగి వచ్చేవాళ్లకు పొంచి ఉండేది ఈ రెండో గడ్డ. చెట్ల నీడ పడే మలుపులలో, వంతెనల మీద అది సోమవారం ఉదయం దాకా నిలుస్తుంది. టెక్సాస్ రవాణా శాఖ నడిపే డ్రైవ్ టెక్సాస్ వెబ్‌సైటులో ఏ రోడ్డు ఎలా ఉందో ఎప్పటికప్పుడు చూపిస్తారు. చాలా ఇతర రాష్ట్రాలలో 511కు ఫోన్ చేస్తే చెబుతారు. ఊహ మీద ఆధారపడవలసిన అవసరం లేదు.

అందువల్ల ఈ తుపాను వార్తను రేపటి, ఎల్లుండి సంచికలలో, అమెరికా పేజీలో మాత్రమే కాక పిల్లలు ఇక్కడ ఎక్కువగా ఉన్న జిల్లాల పేజీలలో కూడా వేయవలసిందిగా కోరుతున్నాను. ఏ రాష్ట్రాలకు, ఏ రోజు ఏ వేళ నుంచి, మంచా ఐసా, హెచ్చరిక ఏ మెట్టులో ఉంది అన్న నాలుగు సంగతులు, తేదీలు అమెరికా కాలమానం ప్రకారం ఇవ్వాలి. భారత కాలమానంలో ఇస్తే ఒక రోజు తేడా వచ్చి అసలు ప్రయోజనమే పోతుంది. ఆ పక్కనే కిందటి ఏడాది తుపాను ఫొటో వేయవద్దని కూడా మనవి, మా ఇళ్లకు వెంటనే వంద ఫోన్లు వస్తాయి. బుధవారం నాటి పత్రికలో ఈ వార్త వస్తే, శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరదలచినవాళ్లకు ఆలోచించుకోవడానికి ఒక పూర్తి రోజు మిగులుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
డాలస్, టెక్సాస్.